బయమ్మకు ఏ వరస?

4 మార్చి 1984

ఒళ్లు మండిపోతోంది. ఎవరి మీద అరవాలో తెలియక ఇందులో రాస్తున్నాను.

సుంకప్ప ఇవాళ తన దగ్గర వడ్డీకి దుడ్లు పెట్టినవాళ్లందరినీ తన పట్టు కొట్టు ముందర కూర్చోబెట్టి కొత్త చట్టం సంగతి చెప్పాడు. ఇకమీదట ఒక మనిషి ఇరవై అయిదు మంది దగ్గర మాత్రమే డిపాజిట్లు తీసుకోవాలట. మించితే జైలు. మేము నూట అరవై మందిమి. ఇరవై అయిదు మందిని ఉంచుకుని తక్కినవాళ్లకు వెనక్కి ఇచ్చేయాలట. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడి దుడ్లు ఎక్కడ ఉండాలో ఢిల్లీలో ఎవరో తీర్మానం చేశారు.

దుడ్లు మావి, చెమట మాది. బొంబాయిలో షేర్లు కొనేవాణ్ణి ఎవరైనా ఆపుతున్నారా? లక్షాధికారి లక్ష పోగొట్టుకుంటే వ్యాపారం, నేతగాడు నూటికి నెలకు మూడు రూపాయలు ఆశపడితే అజ్ఞానం. పోస్టాఫీసులో పెట్టుకోండి అంటారు. పోస్టాఫీసు ఏడాదికి ఇచ్చేది సుంకప్ప రెండు నెలల్లో ఇస్తాడు. ఇరవై ఏళ్ల కింద మా వీధిలోనే మగ్గం నేసిన మనిషి. ఇప్పుడు మూడు గదుల నిండా పట్టు నూలు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తే మా ఆయన మగ్గం దిగకుండానే, "మన దుడ్లన్నీ పట్టులోనే పోసినాడు కదా. ధర పడిపోయిందనుకో, అప్పుడు?" అన్నాడు. పదేళ్లలో ఎప్పుడైనా పడిందా అని అడిగాను. మగవాళ్లకు జవాబు లేనప్పుడు మగ్గం చప్పుడు ఎక్కువవుతుంది.

11 మార్చి

చట్టం చేసినవాళ్లు తెలివైనవాళ్లే. కానీ వాళ్లకు మా కులంలో పెళ్లిళ్లు తెలియవు.

సుంకప్ప ప్లీడరుతో చదివించుకుని వచ్చాడు. ఇరవై అయిదు మంది లెక్కలోకి బంధువులు రారట. బంధువుల దగ్గర ఎంతయినా తీసుకోవచ్చునట. సుంకప్ప నేరుగా మా ఇంటికి వచ్చి, "అక్కా, వరసలు కలిపేదాంట్లో నీ తర్వాతే ఎవురైనా" అన్నాడు. నిజమే. మా అత్త పోయేటప్పుడు నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. ఏ ఇంటి పిల్లను ఏ ఊరికిచ్చారో, ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు ఎక్కాల్లా నోటికి వచ్చు.

పొద్దున్నించి సాయంత్రం దాకా కాగితాలు రాశాను. "నేను ఫలానా, సుంకప్పకు వరసకు ఫలానా అవుతాను" అని. ఉదాహరణకు కండెలు చుట్టే తిమ్మక్క. ఆమె చెల్లెలి కోడలూ సుంకప్ప భార్యా అక్కచెల్లెళ్ల బిడ్డలు. అంటే తిమ్మక్క చెల్లెలి కొడుకు సుంకప్పకు తోడల్లుడి వరస, తిమ్మక్క పెద్దమ్మ వరస. ఇది అబద్ధమా? అబద్ధమైతే మా పెళ్లిళ్లన్నీ అబద్ధాలే. తిమ్మక్క వేలిముద్ర వేసి, "ఇన్నాళ్లూ నా కొడుకని తెలీక కండెల కూలి గట్టిగా అడిగినానే" అంది. అందరం కడుపు పట్టుకుని నవ్వాం.

నూట ముప్పై ఒక్కరికి వరస దొరికింది. వేరే కులాల సేట్లు, అంగళ్లవాళ్లు ఇరవై అయిదు మంది మామూలు లెక్కలో ఉంటారు. మిగిలిన నలుగురికి వెనక్కి ఇచ్చేస్తాడు. మా నాలుగు వేలు ఎక్కడికీ పోలేదు. నేను అక్క వరస.

13 మార్చి

చేతివేళ్లు ఇంకా నొప్పి.

18 మార్చి

ఆ నలుగురిలో బయమ్మ ఉందని నేను ఎందుకు అనుకోలేదు?

బయమ్మ నేను టీచరుగా ఉన్న మునిసిపల్ బడిలో ఆయా. కిరస్తానీల పేట. తొమ్మిదేళ్ల కింద కమిషనరు కాళ్లావేళ్లా పడి ఆ పని ఇప్పించింది నేనే. నిన్న సుంకప్ప ఆమె పదిహేను వందలూ లెక్కపెట్టి ఇచ్చి పంపించేశాడట. ఇవాళ ఆదివారమైనా వాళ్ల ఏసు గుడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి బయట అరుగు మీద కూర్చుంది. కొంగులో మూట అట్లాగే ఉంది.

ఆమె లెక్క నాకు కంఠతా వచ్చు. కంబదూరు దగ్గర వాళ్లమ్మ భూమి రెండెకరాలు, ఈరప్ప అనే ఆయన దగ్గర అప్పు కింద భోగ్యానికి ఉంది. వచ్చే ఏడాది ఉగాది లోపల రెండు వేల రెండు వందలు కడితే భూమి ఆమెది. కట్టకపోతే ఈరప్ప పేరుకు రిజిస్టరు. సుంకప్ప దగ్గర వడ్డీ అసల్లో కలుపుకుంటూ నెలకు ఇంకో పదిహేను వేసుకుంటూ పోతే సరిగ్గా అందుతుంది. పోస్టాఫీసులో అయితే అందదు.

ఆ సంగతి మాట్లాడుతుందనుకున్నాను. ఆమె ఇంకోటి మాట్లాడింది.

"అందరూ సుంకప్పన్నకి అయినోళ్లేనంట టీచరమ్మా. నేనొకతే కానిదాన్నంట."

చట్టం ఎవరిని కాపాడుతోందట? బయమ్మనా? అందరికంటే అవసరం ఉన్నదాన్ని ముందుగా బయటికి తోసి, అదే కాపాడడం అంటున్నారు.

19 మార్చి

సుంకప్ప మొదట నసిగాడు. "ఆయమ్మకి వరస యాడ దొరుకుతాదక్కా?" అన్నాడు. దొరకకపోతే నేను చేస్తానన్నాను. పదిహేను వందలు చేదా అని కూడా అన్నాను. నవ్వి, "రాసేది నువ్వే. నీ ఇష్టం" అన్నాడు.

అందరికీ "వరసకు" అని రాశాను గానీ బయమ్మకు ఆ మాట అతకలేదు. ఏ దారిన వచ్చినా ఆమె దగ్గరికి వరస చేరదు. అందుకని తిన్నగా "సుంకప్పకు చెల్లెలు" అని రాసేశాను. బయమ్మ నాతో రెండుసార్లు చదివించుకుంది. వేలిముద్ర వేశాక ఆ వేలిని చీరకు తుడుచుకోలేదు, అట్లాగే పట్టుకుని వెళ్లింది.

ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. ఈ వీధిలో ఇంతవరకు ఎవరూ చేయని పని.

20 మార్చి

ఆయన అన్నం ముందు కూర్చుని, "సర్కారు ఆయమ్మ దుడ్లు ఆయమ్మ చేతికి ఇప్పించింది. నువ్వు మళ్లీ తీసకపోయి వాని చేతిలో పోయించినావు" అన్నాడు.

ఈయనతో మాట్లాడేది లేదు.

2 ఏప్రిల్

ఉగాది. సుంకప్ప బంధువులందరికీ తలా ఆరు చీనీకాయలు పంపాడు. బయమ్మకు కూడా.

22 జులై

చినుకు లేదు. బడి బావిలో బొక్కెన నేలకు తగులుతోంది. బయమ్మ రెండు వీధులు దాటి పిల్లలకు నీళ్లు మోసుకొస్తోంది. ఆమె లెక్క పదిహేడు వందలు దాటింది. ఏ నెలా వడ్డీ చేతికి తీసుకోలేదు. భూమి వచ్చాక మొదటి ఏడు వేరుసెనగ వేయాలా, కొర్ర వేయాలా అని నన్ను అడుగుతుంది. నాకేం తెలుసు? వేరుసెనగ అన్నాను.

30 సెప్టెంబరు

ఈ నెల వడ్డీ ఇవ్వలేదు. పట్టు ధర కొంచెం దిగిందట, పెళ్లిళ్లు మొదలైతే లేస్తుందట. పండుగ అయినాక రెండు నెలలదీ కలిపి ఇస్తానన్నాడు. సుంకప్ప ఇస్తానంటే ఇస్తాడు.

14 అక్టోబరు

ఇస్తాడు.

20 నవంబరు

బయమ్మ అడిగింది, సుంకప్పన్న ఏమన్నాడని. చెల్లెలివి కదా, నువ్వే అడుగు అని నవ్వులాటకు అన్నాను. నవ్వింది. నేను లోపలికొచ్చి హాజరు పట్టీలో నిన్నటి గడిలో ఇవాళ్టి హాజరు వేశాను.

10 డిసెంబరు

కొట్టుకు తాళం. సుంకప్ప లేడు. బెంగళూరులో ఉన్నాడని కొందరు, తిరుపతిలో గుండు కొట్టించుకున్నాడని కొందరు. సగం ధరకు కూడా పట్టు కొనేవాళ్లు లేరట. ధర లేస్తుందని మా దుడ్లతో ఇంకా ఇంకా కొని గదుల్లో నింపుకుంటూ పోయాడు. ఎవరినో మోసం చేయాలని కాదట, నిజంగానే లేస్తుందనుకున్నాడట. అదే నాకు ఇంకా భయంగా ఉంది. దొంగ అయితే తిట్టుకునేదాన్ని.

నిన్న జనం మా ఇంటి ముందు చేరారు. కాగితాలు రాసింది నేను కదా. తిమ్మక్క మన్నెత్తి పోసింది. ఆయన మగ్గం మీద నుంచి దిగి వాకిట్లో నిలబడి అందరినీ సముదాయించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

బయమ్మ రాలేదు. ఇవాళ బడిలో మామూలుగా ఊడ్చింది.

20 జనవరి 1985

సర్కారు ఆఫీసరు వచ్చాడు. కొట్టులో నూలంతా సీలు వేసి ఉంది, దాన్ని వేలం వేసి డిపాజిట్లు పెట్టినవాళ్లకు రూపాయికి అర్ధరూపాయి ఇప్పిస్తారట. మేమందరం బంధువులమని సంతకాలు పెట్టి ఉన్నాం కదా, మాకు రాదేమో అనుకున్నాం. ఆయన కాగితాలు చూసి తల కొట్టుకున్నాడు. వరసకు పెద్దమ్మ, వరసకు చిన్నాయన, ఇవేవీ చట్టంలో లేవట. చట్టానికి తెలిసిన బంధువులు తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, తోడబుట్టినవాళ్లు, అట్లాంటివాళ్లే. కాబట్టి మేమంతా మామూలు డిపాజిట్‌దారులమేనట, మాకు వస్తుందట. నిజమైన బంధువులకు మాత్రం ఏమీ రాదు, అది ఇంటి వ్యవహారం.

వీధంతా ఊపిరి పీల్చుకుంది. చట్టాన్ని తిట్టినవాళ్లే చట్టానికి దండం పెట్టారు. నేనూ పెట్టాను. సంతోషంగా ఇంటికొచ్చి సంగటి ముద్ద చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది. "వరసకు" అని రాయనిది ఒక్కరికే.

27 జనవరి

మా ఆయన కనుక్కొచ్చాడు. ఆమె చెల్లెలు కాదని తేలితే ఆమెకూ వాటా వస్తుంది. అందరితోపాటే, మార్చి మొదటి వారంలో. దాదాపు పదకొండు వందలు. కంబదూరు ఈరప్ప కూడా సగం కడితే ఇంకో ఏడాది గడువిస్తానన్నాడట. అంతా సరిపోతుంది. చేయాల్సిందల్లా విచారణలో కాదు అని చెప్పడమే. ఆమెను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, సుంకప్పకు తోడబుట్టినది కాదని.

కానీ ఆఫీసరు ఇంకో మాట కూడా అన్నాడట. తెలిసి తప్పుడు కాగితం రాసిన వాళ్లు సర్కారు నౌకరులైతే పేరు పైకి పంపుతానని. అందరి ముందూ అన్నాడట, ఎవరినీ ఉద్దేశించి కాదట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాల్సింది ఊళ్లో నేనొక్కదాన్నే.

3 ఫిబ్రవరి

మగ్గం మీద వచ్చేది రోజుకు పదీ పన్నెండు. అది కూడా పట్టు ఉంటేనే. నాలుగు నెలలుగా నా జీతం మీదే పొయ్యి వెలుగుతోంది. ఇది ఎవరైనా ఒప్పుకుంటారు.

10 ఫిబ్రవరి

సాయంత్రం కిరస్తానీల పేటకు వెళ్లాను. ఇన్నేళ్లలో ఆమె ఇంటికి వెళ్లడం ఇదే మొదటిసారి. ఊరికే, ఎట్లా ఉందో చూసి వద్దామని. అర్ధశేరు చక్కెర తీసుకెళ్లాను.

బయమ్మకు కాళ్లు నేల మీద ఆనలేదు. పక్కింట్లో నుంచి కుర్చీ తెచ్చింది. టీ పెట్టింది. తాగుతానో లేదో అని గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడింది. తాగాను. గడప దగ్గర ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరి చూశారు.

రేపటి విచారణ గురించి నేను ఏమీ అడగలేదు. ఇది స్పష్టంగా రాసుకోవాలి. నేను ఏమీ అడగలేదు. ఇంట్లో ఎట్లా ఉందని ఆమే అడిగింది. మగ్గం ఆగిపోయిందనీ, నా ఉద్యోగం ఒక్కటే ఆధారమనీ, అది కూడా ఎన్నాళ్లుంటుందో తెలియదనీ అన్నాను. మాటల్లో వచ్చింది అంతే. ఎందుకు ఉండదు అంది. కాగితాల గొడవ అన్నాను. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆమె గ్లాసు తీసుకెళ్లి కడిగింది.

11 ఫిబ్రవరి

విచారణ అయిపోయింది. తలనొప్పి. పడుకుంటున్నాను.

12 ఫిబ్రవరి

రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

మునిసిపాలిటీ హాల్లో బల్ల వేసుకుని ఆఫీసరు ఒక్కొక్కరినే పిలిచాడు. నేను కాగితాలు రాసిన మనిషిని కాబట్టి బల్ల పక్కనే కుర్చీ వేశారు. బయమ్మ వంతు వచ్చింది. ఉతికిన తెల్ల చీర, గుడికి కట్టుకునేది. ఆఫీసరు కాగితం చూశాడు, ఆమెను చూశాడు, మెళ్లో సిలువను చూశాడు. మంచివాడు. గొంతు తగ్గించాడు.

"ఏమ్మా, నువ్వు సుంకప్పకు చెల్లెలివా?"

"అవును సార్."

"భయపడొద్దు. బాగా ఆలోచించుకుని చెప్పు. తోడబుట్టిన చెల్లెలివేనా? కాదంటే నీ దుడ్లు నీకు సగమన్నా వస్తాయి."

బయమ్మ నా వైపు చూడలేదు. చూస్తుందనుకున్నాను. చూస్తే ఏం చేసేదాన్నో, ఏదో ఒకటి చేసేదాన్నేమో. ఆమె బల్ల మీదున్న కాగితం వైపే చూసింది.

"టీచరమ్మ రాసింది కద సార్. అట్లే ఉండాది."

ఆఫీసరు నన్ను అడిగాడు, రాసింది సరేనా అని. ఆ గదిలో నూరు మంది ఉన్నారు. నూరు మందికీ తెలుసు. తిమ్మక్క కూడా నోరు తెరవలేదు. వీధి మనిషి ఉద్యోగం తీయించడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందులోనూ బయమ్మ వీధి మనిషి కాదు.

సరే అన్నాను. ఆఫీసరు బయమ్మ పేరు మీద, అంటే ఆ రెండెకరాల మీద, ఒక గీత గీసి పేజీ తిప్పాడు.

13 ఫిబ్రవరి

మా ఆయన నాతో మాట్లాడడం లేదు.

8 మార్చి

మా నాలుగు వేలకు రెండు వేలు చేతికొచ్చాయి. అందులో పదకొండు వందలు బయమ్మకు ఇస్తే ఉగాది గడువు నిలబడుతుంది. పొద్దున్నే ఇచ్చేద్దామనుకున్నాను. మధ్యాహ్నానికి లెక్క వేసుకుంటే పట్టుకు కనీసం వెయ్యి కావాలి, లేకపోతే మగ్గం లేవదు. పైగా అంత పెద్ద మొత్తం ఒక్కసారి ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కదా, ఎవరైనా రాసి పెట్టుకుంటే? రెండు వందలు తీసుకెళ్లాను.

బయమ్మ చీపురు పక్కన పెట్టి చేతులు వెనక్కి పెట్టుకుంది. "మీరెందుకిచ్చేది టీచరమ్మా? పోగొట్టినోడు మా అన్న కదా" అంది. ఎగతాళి కాదు. కోపం కూడా లేదు. ఉంటే బాగుండు.

22 మార్చి

ఉగాది. బయమ్మ బడికి రాలేదు. సెలవే కదా.

14 ఏప్రిల్

బయమ్మ భూమి ఈరప్ప పేరుకు రిజిస్టరు అయిపోయిందట.

ఏడాదిగా ఒకటే ఆలోచన. ఆ చట్టం ఉండాలా వద్దా? ఇరవై అయిదు అని గీత గీసిన వాడెవడో మా లాంటివాళ్ల కోసమే గీశాడు. ఆ గీత కింద నుంచి దూరడానికి దారి చూపించింది నేను. చట్టం మాట విని ఉంటే? పదిహేను వందలు మిగిలేవి, అంతే. పోస్టాఫీసు వడ్డీకి ఆ భూమి ఏ ఉగాదికీ వచ్చేది కాదు. ఆశపడితే పోయింది, ఆశపడకపోయినా పోయేది. పదిహేను వందలు మాత్రం మిగిలేవి. సగం కడితే గడువిచ్చే మనిషికి అప్పుడే పదిహేను వందలు ఇచ్చి ఉండవచ్చు కదా అని ఆయన అన్నాడు. రెండు నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి పెద్ద మాట అది. ఆ సంగతి మాకెవరికీ అప్పుడు తట్టలేదు. నూటికి మూడు రూపాయల ముందు ఇంకేదీ తట్టలేదు.

24 జూన్

మూడు రోజులుగా వాన. మూడేళ్లలో ఇంత వాన లేదు. బడి ఆవరణ అంతా బురద.

మధ్యాహ్నం గంట కొట్టాక బయమ్మ వచ్చి నాలుగు దినాలు సెలవు కావాలంది. సెలవు చీటీ నేనే రాయాలి. ఎక్కడికి అని అడిగాను. కంబదూరుకట. వేరుసెనగ విత్తుతున్నారట, కూలి మనుషులు దొరకడం లేదని ఈరప్ప కబురు పంపాడట. ఎవరి చేన్లో అని అడగబోయి ఆగాను. ఆమే చెప్పింది, "మా అమ్మ చేన్లోనే" అని, కూలి ఆరు రూపాయలని.

కలం తీసుకున్నాను. కారణం అని రాసి ఆగిపోయాను. జ్వరం అని రాస్తే ఎవరూ అడగరు, జీతం కోత పడదు. కూలికి పోతోందంటే కమిషనరు కోప్పడతాడు. ఏమని రాయమంటావు అని అడిగాను.

బయమ్మ నా కళ్లలోకి చూసింది. విచారణ రోజు చూడనిది ఇప్పుడు చూసింది.

"ఉండేది ఉండినట్ల రాయి టీచరమ్మా" అంది.

రాశాను.